వరండా బడి

వాకిటినిండా మొక్కజొన్న కంకులు ఎండబోసి ఉన్నాయి. కోళ్ళు ముట్టకుండా చేతిలో కర్ర పట్టుకుని గడప పక్కన పీట వేసుకుని కూర్చుంది విశ్రాంతమ్మ. కూర్చుందన్న మాటేగానీ చూపు కంకుల మీద లేదు. వీధికి అవతల, నీలం గోడల అంగన్‌వాడీ సెంటర్ మీద ఉంది.

లోపల కోడలు తబితా హడావిడిగా సంచి సర్దుకుంటోంది. పాత చీర ముక్కలతో కుట్టిన బంతులు, కొబ్బరి చిప్పలు, చింతగింజలు, రంగు పూసిన అగ్గిపెట్టెలు ఒక్కొక్కటే సంచిలోకి పోతున్నాయి.

"గివన్నీ ఏంది తబితా? చెత్తబండి గిట్ల వస్తున్నదా?" అంది విశ్రాంతమ్మ.

తబితా నవ్వేసింది. "ప్రాక్టికల్స్‌కి అత్తయ్యా. పిల్లలు వీటిని జతలు కడతారు, వరసలు పేరుస్తారు. అట్టా ఆడతానే లెక్కలు వస్తయ్యంట."

"చిప్పలతోటి లెక్కలొచ్చుడు నేనెన్నడు చూడలే. బలపం ఎప్పుడు పట్టిస్తవ్?"

"ఇప్పుడే వద్దంటున్నారండి. ముందు వేళ్ళకి బలం రావాలిగా. మట్టి పిసకాలి, పూసలు గుచ్చాలి. ఆ తర్వాతే అక్షరాలు."

"ఎవలంటున్నరు?"

"మా క్లాసులో మేడం చెప్పారు. పుస్తకంలోనూ ఉంది."

"మంచిగున్నది. ఈ ఊరంత నా చేతికింద బలపం పట్టినోళ్ళే. ఒక్కని వేళ్ళన్న ఇరిగినయా?"

"అయ్యో, నేనట్టా అన్లేదత్తయ్యా" అంటూనే తబితా సంచి భుజాన వేసుకుంది. నాలుగేళ్ళు నిండబోతున్న కూతురు హెప్సిబా చెయ్యి పట్టుకుని వీధి దాటింది. ఆమె గేటు తీయగానే లోపలి నుంచి పిల్లలు బిలబిలమంటూ వచ్చి కాళ్ళకు చుట్టుకున్నారు. విశ్రాంతమ్మ చేతిలోని కర్రతో నేలను గట్టిగా కొట్టింది. అక్కడ కోళ్ళు లేవు.

కారేపల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఉంది ఊటవాగు. సగం లంబాడీ తండా, సగం క్రైస్తవ కుటుంబాలు. ఆ ఊరి అంగన్‌వాడీలో ముప్పై ఏళ్ళకు పైగా టీచర్‌గా చేసి విశ్రాంతమ్మ కిందటేడే దిగిపోయింది. ఆ ఉద్యోగం ఊరి కోడళ్ళలో చదువుకున్న తబితాకే వచ్చింది. మొదటి నెలంతా విశ్రాంతమ్మ కలిసినవాళ్ళందరికీ చెప్పుకుంది, నా కుర్చీ నా ఇంట్లోనే ఉన్నదని. చర్చిలో అందరి ముందు నిలబడి, ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం కూడా చెప్పింది.

తర్వాత తబితా చిన్నపిల్లల విద్యలో డిప్లొమా చదువుతానని ఖమ్మంలో చేరింది. ఇంట్లో ఉండి చదువుకునే కోర్సే, కానీ నెలకు రెండు ఆదివారాలు క్లాసులకు పోవాలి. మధిర నుంచి వచ్చిన పిల్ల, ఇంటర్ దాకా చదివింది, ఇంకా చదవాలన్న ఆశ ఉంది. సబ్‌స్టేషన్‌లో పనిచేసే భర్త షాలేమ్‌రాజు సరేనన్నాడు. మామ లూకా మిరపచేను పనుల మధ్య "చదువుకోనీ, మంచిదే గద" అన్నాడు. విశ్రాంతమ్మ కూడా కాదనలేదు. కాదనడానికి ఏ కారణమూ దొరకలేదామెకు.

ఆ మధ్యాహ్నం, మనవరాలు అన్నం సరిగ్గా తినలేదేమోనన్న సాకు పెట్టుకుని, గిన్నెలో పెరుగన్నం కలుపుకుని సెంటర్‌కు వెళ్ళింది.

గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. తాను గోడకు ఎత్తున వేలాడదీసిన పండ్ల చార్టు లేదు. జంతువుల చార్టు లేదు. వాటి చోట గోడ ఖాళీగా ఉంది. కింద, పిల్లల నడుమెత్తున ఒక తాడు కట్టి, దానికి పిచ్చిగీతల కాగితాలు క్లిప్పులతో తగిలించి ఉన్నాయి. ఎన్నో ఏళ్ళు తన దగ్గర ఆయాగా పనిచేసిన జమ్లి, తబితా చెప్పినదానికి పడీపడీ నవ్వుతోంది.

"రా అక్కా, రా" అంది జమ్లి. "చూసినవా, కొత్త టీచరు మస్తు ఆటలు నేర్పుతున్నది. నాక్కూడ గమ్మతుగున్నది."

ఇన్నేళ్ళలో జమ్లి తన ముందు అలా నవ్విన గుర్తు విశ్రాంతమ్మకు లేదు. తలెత్తి చూస్తే తబితా ఒళ్ళో చిన్న కోటేష్ కనిపించాడు. తండాలోని ద్వాలి కొడుకు. వాడికి నడక రాకముందు తాను చంకనేసుకుని తిప్పిన పిల్లాడు.

"కోటేషూ, రార బిడ్డా" అని చేతులు చాచింది.

వాడు ఒక్కసారి చూశాడు. మళ్ళీ తబితా మెడ పట్టుకుని చెవిలో ఏదో చెప్పడంలో మునిగిపోయాడు. అంతే. చిన్న పిల్లాడు, అందులో ఏమీ లేదు. అయినా విశ్రాంతమ్మ గుండెలో ఎవరో పచ్చిమిరపకాయ నలిపి పూసినట్టయింది. గిన్నె అక్కడే పెట్టి వచ్చేసింది.

ఆ రోజు నుంచి ఆమెకు కోడలు ఏం చేసినా కంట్లో నలుసైంది. చర్చిలో పాస్టరమ్మ "తబితా ఎంత ఓపికస్తురాలు" అంటే అన్నం సహించలేదు. తండాలో ఆడవాళ్ళు "మీ కోడలు మా ఇంటికొచ్చి, పిలగాడు ఇంట్ల ఏ మాట మాట్లాడుతడని అడిగింది, మా భాష నేర్చుకుంటున్నది" అని మెచ్చుకుంటే, "ఆ, నేర్చుకుంటది, కొత్తల అందరు నేర్చుకుంటరు" అని ముఖం తిప్పుకుంది. ఇది కుళ్ళు అని లోపల ఒక మూల తెలుస్తూనే ఉంది. కానీ ఆమె దానికి వేరే పేరు పెట్టుకుంది. పిల్లల గురించిన దిగులు అనుకుంది.

ఆ దిగులుకు ద్వాలి ఊపిరి పోసింది.

ఒక సాయంత్రం నీళ్ళ ట్యాంకు దగ్గర ద్వాలి అంది: "టీచరమ్మా, మావోడికి ఒక్క అక్షరం వస్తలే. మా ఆడబిడ్డ కొడుకు కారేపల్లిల ప్రైవేటు బడికి పోతడు, ఏ బీ సీ డీ మొత్తం రాస్తడు. మావోడు మట్టి పిసికొస్తుండు. మీరున్నప్పుడే మంచిగుండె."

మీరున్నప్పుడే మంచిగుండె. ఎన్నాళ్ళకు విన్నదా మాట! విశ్రాంతమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఒక పని చెయ్యి. పొద్దుగాల నా కాడికి తోలు. రెండు గంటలు కూసోబెట్టుకుంట. దసరా పోయి క్రిస్మస్ వచ్చెటాలకు అఆలు, ఏబీసీడీలు రెండు రాయిస్త. ఇంకెవలన్న ఉంటే వాళ్ళను గూడ తోలుమను."

అలా మొదలైంది వరండా బడి. మొదట కోటేష్ ఒక్కడే వచ్చాడు. వారం తిరిగేసరికి వరండా నిండింది. విశ్రాంతమ్మ అటక మీది పాత పలకలు దించింది, కొత్త బలపాల డబ్బా తెప్పించింది. చార్టులు జమ్లి చేత అడిగించి తెచ్చుకుని తన గోడకు కొట్టించింది. పొద్దున్నే "అ అమ్మ, ఆ ఆవు" అని పిల్లలు గట్టిగా అరుస్తుంటే ఆ చప్పుడు వీధి దాటి సెంటర్ దాకా వినబడాలని ఆమె కోరిక. రెండు గంటలన్నది మూడు గంటలైంది. ఆ మూడూ సాగి మధ్యాహ్నం దాకా అయింది. సెంటర్‌కు పిల్లలు గుడ్డు, అన్నం వేళకు మాత్రమే పోసాగారు.

"ఏమే, కోడలి మీద పోటీ పెట్టినవా?" అన్నాడు లూకా ఒకరోజు, చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ.

"పోటీ ఏంది? పిల్లల తల్లులు బతిమాలుకుంటె చెప్తున్న."

"ఆడ పిల్లలు లేకపోతె సెంటర్‌ను పక్క ఊర్ల కలిపేస్తరని జమ్లి అంటున్నది."

"నేనున్నప్పుడు ఎవడన్న కలిపిండా?" అంది విశ్రాంతమ్మ. లూకా తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుని లోపలికి పోయాడు.

తబితా తన పని తాను చేసుకుపోయింది. రోజూ వండిపెట్టి, సంచి భుజాన వేసుకుని, సగం ఖాళీ అయిన సెంటర్‌కు వెళ్ళి వస్తోంది. అత్తాకోడళ్ళ మధ్య మాటలు ఉప్పు, కూర, కరెంటు వరకు వచ్చి ఆగిపోయాయి.

ఇద్దరి మధ్య నలిగింది మాత్రం హెప్సిబా. పొద్దున లేవగానే ఇటు నానమ్మ "హెప్సీ, నీకు కొత్త పలక పెట్టిన, రా బిడ్డా" అంటుంది. అటు తల్లి "పద నాన్నా, బంతులాట ఆడదాం" అంటుంది. పిల్ల ఇద్దరి వంకా చూసి కడుపు పట్టుకుని కూర్చుంటుంది. కడుపునొప్పి అంటుంది. నానమ్మ వాము నమిలించింది. షాలేమ్‌రాజు కారేపల్లి దవాఖానాకు తీసుకుపోతే డాక్టరు నొక్కి చూసి, ఏమీ లేదన్నాడు, నులిపురుగుల మందు ఇచ్చాడు. నొప్పి తగ్గలేదు. ఆదివారాల్లో మాత్రం ఆ పిల్ల చెంగుచెంగున గెంతేది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఒక రాత్రి భోజనాల దగ్గర తబితా నోరు విప్పింది.

"అత్తయ్యా, ఎల్లుండి ఖమ్మం నుంచి నాగలత మేడం వస్తున్నారు. నేను పిల్లలతో ఎట్టా చేయిస్తున్నానో కూర్చుని చూస్తారు. నా డిప్లొమాలో అదే పెద్ద పరీక్ష. ఆ ఒక్క రోజు పిల్లల్ని పొద్దున్నే సెంటర్‌కి పంపించండి. మళ్ళీ అడగను."

"చూద్దాం" అంది విశ్రాంతమ్మ, మజ్జిగ పోసుకుంటూ.

నిజంగా పంపుదామనే అనుకుంది. మరునాడంతా అదే అనుకుంది. కానీ ఆ రోజు తెల్లవారి, తబితా తలంటుకుని ఇస్త్రీ చీర కట్టుకుని, సెంటర్ ముందు రంగులతో చేపలూ సీతాకోకచిలుకలూ వేస్తుంటే, జమ్లి పక్కన నిలబడి చప్పట్లు కొడుతుంటే, విశ్రాంతమ్మకు ఏదో అయింది. తాను చేసినన్నేళ్ళలో ఖమ్మం నుంచి ఒక్కరూ వచ్చి కూర్చుని, నువ్వెట్లా చెప్తున్నవమ్మా అని చూసిన పాపాన పోలేదు. వచ్చినవాళ్ళు గుడ్లు చూశారు, బియ్యం చూశారు, పోయారు.

ఆమె లోపలికి వెళ్ళి పెద్ద గిన్నెలో పాలు పొయ్యి మీద పెట్టింది.

"ఇయ్యాల పలక నింపినోళ్ళకు సేమ్యా పాయసం" అని వరండాలో ప్రకటించగానే పిల్లలు హోరుమన్నారు. ఒకరి మీద ఒకరు పడి రాయసాగారు. కాసేపటికి వీధి చివర ఆటో ఆగింది. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ దిగి సెంటర్‌లోకి వెళ్ళడం విశ్రాంతమ్మ చూసింది. పోండి బిడ్డా, టీచర్ కాడికి పోండి అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది.

జమ్లి పరుగున వచ్చింది. "అక్కా! పిల్లల్ని తోలు జల్దీ. మేడం వచ్చి కూసున్నది. లోపల నలుగురే ఉన్నరు."

"పాయసం తిని వస్తరు పో."

"అక్కా, నీ కాళ్ళు మొక్కుత..."

"తిని వస్తరంటున్న గద! పిల్లల నోటి కాడి ముద్ద తీస్తరా ఎవలన్న?"

జమ్లి రెండు మూడుసార్లు పిల్లల్ని లేపబోయింది. పాయసం వాసన వదిలి ఒక్కరూ కదల్లేదు. గిన్నె ఖాళీ అయ్యేసరికి ఆటో మళ్ళీ స్టార్ట్ అయిన చప్పుడు వినిపించింది. ఆ మేడం ఇంకో ఊరి సెంటర్ కూడా చూడాల్సి ఉందట.

సాయంత్రం తబితా ఇంటికి వచ్చింది. సంచి మంచం మీద పెట్టింది. నీళ్ళు తాగలేదు, ముఖం కడుక్కోలేదు. నేరుగా వంటింట్లో అత్తగారి ముందుకు వచ్చి నిలబడింది.

"ఎందుకు చేశారత్తయ్యా?"

"నేనేం చేసిన? పిల్లలకు తీపి పెడితె తప్పా?"

"ఇవాళే పెట్టాలా? నిన్న పెట్టకూడదా? రేపు పెట్టకూడదా?" తబితా ఇంకో అడుగు ముందుకు వేసింది. "నలుగురు పిల్లల్ని పెట్టుకుని నేను బంతులాట ఆడిస్తుంటే మేడం అడిగారు, మీ ఊళ్ళో పిల్లలే లేరా అని. ఎదురింటి వరండాలో ఉన్నారని చెప్పమంటారా? మా అత్తయ్యే పట్టుకుని కూర్చుందని చెప్పమంటారా?"

"నా కాడికి వాళ్ళంతట వాళ్ళొస్తున్నరు. నీ కాడికెందుకు వస్తలేరో నువ్వు చూసుకో."

"మీకు పిల్లలతో ఉండాలనుంటే నన్నడిగితే కాదంటానా? సెంటర్లో నా పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టేదాన్ని."

విశ్రాంతమ్మ చేతిలోని గరిట ఠంగున కిందపడింది. "నా కుర్సీ నువ్వేసుడేందే నాకు! ఆ గోడలు నేను నిలబడి కట్టిచ్చిన. చెట్టుకింద పిల్లల్ని కూసోబెట్టుకుని, వానొస్తే నా కొంగు కప్పి చదువు చెప్పిన. నిన్న గాక మొన్నొచ్చి నా చార్టులు పీకి మూలకేసినవ్. రెండు పుస్తకాలు చదివి నాకు బలపం పట్టిచ్చుడు రాదంటున్నవ్!"

డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన షాలేమ్‌రాజు గుమ్మంలో నిలబడిపోయాడు. సంగతి అతనికి దారిలోనే జమ్లి చెప్పింది.

"అమ్మా, ఇగ చాలు" అన్నాడు. "నీకు దాని మీద కుళ్ళు. ఊరంత అనుకుంటున్నది. సిగ్గయితున్నది నాకు."

కన్నకొడుకు నోట ఆ మాట విని విశ్రాంతమ్మ రాయిలా అయిపోయింది. లూకా వాకిట్లో కంకులు ఎత్తుతూ ఎత్తుతూ ఆగాడు. తబితా మెల్లగా అంది:

"రేపు నేను హెప్సీని తీసుకుని మధిర పోతాను. నాలుగు రోజులు అమ్మ దగ్గర ఉంటాను. ఆ తర్వాత ఏం చేయాలో ఆలోచించుకుంటాను. చదువు మానాలా, ఉద్యోగం మానాలా, ఏదో ఒకటి."

తెల్లారి పిల్లలెవరూ రాకముందే విశ్రాంతమ్మ వరండా ఊడుస్తోంది. రాత్రంతా కునుకు లేక కళ్ళు మండుతున్నాయి. లోపల తబితా బట్టలు సర్దుకుంటున్న అలికిడి. షాలేమ్‌రాజు ఆటో కోసం వెళ్ళాడు. ఇంటి పక్క సందులో హెప్సిబా గొంతు వినిపించింది. ఎవరితో మాట్లాడుతోందా అని విశ్రాంతమ్మ చీపురు పట్టుకునే తొంగి చూసింది.

పిల్ల ఒంటరిగా ఉంది. కింద కూర్చుని మొక్కజొన్న కంకులను రెండు వరసలుగా పేర్చుకుంది. ఒక వరస ముందు పెద్ద కంకి, రెండో వరస ముందు ఇంకో పెద్ద కంకి. మధ్యలో పీచు జుట్టున్న ఒక బుల్లి కంకి పడి ఉంది.

"ఇది నానమ్మ బడి, ఇది అమ్మ బడి" అంటోంది పిల్ల. పెద్ద కంకిని ఊపుతూ గొంతు మార్చింది. "నా కాడికి రా! పాయసం పెడత! ఆడికి పోవద్దు!" ఇంకో కంకిని ఎత్తింది. "నా దగ్గరికి రా నాన్నా! బంతులాట ఆడదాం!" రెండు కంకులూ వచ్చి బుల్లి కంకిని చెరోవైపు నుంచి గుద్దాయి. పిల్ల ఆ బుల్లి కంకిని చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏడువకు" అని గుసగుసగా చెప్పింది దానికి. "అమ్మ బడికి పోతె నానమ్మ ఏడుస్తది. నానమ్మ బడికి పోతె అమ్మ ఏడుస్తది. కడుపు నొస్తుందని చెప్పు. ఇగ యాడికీ పోవద్దు."

విశ్రాంతమ్మ చీపురు గోడకు ఆనించింది. సందు మొదట్లో మట్టిలోనే కూర్చుంది. ఎంతమంది పిల్లల్ని చూసింది ఆమె! ఆకలి ఏడుపేదో, జ్వరం ఏడుపేదో, అమ్మ కోసం ఏడుపేదో వినగానే చెప్పగలిగేది. తన ఇంట్లో, తన చేతుల్లో పెరిగిన పిల్ల ఇన్నాళ్ళుగా కడుపు పట్టుకుని కూర్చుంటే వాము నమిలించింది.

"హెప్సీ" అని పిలిచింది.

పిల్ల ఉలిక్కిపడి బుల్లి కంకిని గౌను వెనక దాచుకుంది.

"కడుపు నిజంగ నొస్తుందా బిడ్డా?"

పిల్ల తల అడ్డంగా ఊపబోయి, నిలువుగా ఊపి, మళ్ళీ ఆగింది. నానమ్మ కళ్ళల్లో నీళ్ళు చూసి బెదిరిపోయింది. "నేను అమ్మ బడికి పోలే నానమ్మా. ఏడువకు. నేను పోలే."

ఆ మాటతో విశ్రాంతమ్మ గుండె పగిలిపోయింది. పిల్లను ఒళ్ళోకి లాక్కుని గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని, చేతిలో సర్దుతున్న చీరతోనే తబితా సందులోకి పరుగెత్తుకొచ్చింది. రెండు వరసల కంకులను చూసింది, కూతురిని చూసింది. నిన్న సాయంత్రం పుట్టిన కోపమంతా జారిపోయింది. ఆమె కూడా వచ్చి మట్టిలో కూర్చుంది.

"తబితా" అంది విశ్రాంతమ్మ, ముక్కు కొంగుతో తుడుచుకుంటూ. "రాజు చెప్పింది నిజమే. నాకు కుళ్ళే. నిన్ను పిల్లలు చుట్టుకుంటె నాకు కడుపుల మంట. జమ్లి నీతోటి నవ్వితె మంట. నువ్వు పుస్తకం పట్టుకుంటె ఇంకా మంట. నన్నెవలు చదివిచ్చిన్రే? పలకలిచ్చి, బియ్యం మూట ఇచ్చి, పోయి చెప్పుకోమన్నరు. నాకు తోచింది నేను చేసిన. మంచిగ చేసిననో చెడ్డగ చేసిననో కూడ ఎవలు చెప్పలే. ఇప్పుడు నువ్వు గట్ల గాదు గిట్ల అంటుంటె, నేను చేసిందంత తప్పేనా అని... నిద్ర పట్టలే నాకు."

తబితా ఒక కంకిని చేతిలోకి తీసుకుంది. దాని పీచును వేళ్ళతో పీకుతూ కూర్చుంది.

"నాకూ ఉందత్తయ్యా" అంది చివరికి.

"ఏందే?"

"కుళ్ళు. ఏ ఇంటికి పోయినా మీ పేరే. మీ అత్త ఉన్నప్పుడట్టా, మీ అత్త ఉన్నప్పుడిట్టా. ఎవరికన్నా జ్వరమొస్తే నన్ను దాటుకుని మీ దగ్గరికొస్తారు. పిల్లలు బాగా ఏడిస్తే జమ్లక్క మీ పాటే ఎత్తుకుంటుంది, నా పాటకి ఊరుకోరని. ఆ చార్టులు ఎత్తున ఉన్నాయని తీయలేదండి. అదో వంక. ఆ గదిలో ఎటు చూసినా మీరే కనపడుతున్నారని తీశాను. కిందకి దించి కట్టొచ్చుగా? కట్టలేదు. మిమ్మల్ని ఒక్క మాట అడగొచ్చుగా? అడగలేదు."

విశ్రాంతమ్మ ఆశ్చర్యంగా కోడలి ముఖంలోకి చూసింది. ఈ పిల్లకు తనను చూసి అసూయా? నవ్వొచ్చింది, అంతలోనే మళ్ళీ ఏడుపొచ్చింది. హెప్సిబా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇక ప్రమాదం లేదనుకుందేమో, "ఆకలైతుంది" అంది.

వీధిలో ఆటో వచ్చి ఆగింది. షాలేమ్‌రాజు హారన్ కొట్టించాడు. ఎవరూ కదలకపోయేసరికి తానే దిగి వచ్చి, మట్టిలో కూర్చున్న ముగ్గురినీ చూసి నోరు తెరిచాడు.

"ఆటోను పొమ్మను రాజు" అంది విశ్రాంతమ్మ లేచి చీర దులుపుకుంటూ. "నాకు పనున్నది."

ఆ పొద్దే ఇల్లిల్లూ తిరిగింది. పలకలు పట్టుకుని వరండాకు బయలుదేరిన పిల్లల్ని దారిలోనే ఆపి సెంటర్‌కు తోలింది. తండాలో ద్వాలి మాత్రం ఊరుకోలేదు.

"మీరే రమ్మంటిరి, మీరే పొమ్మంటిరి. నా కొడుకు చదువేమైతది టీచరమ్మా?"

"నీ కొడుకు బలపం ఎట్ల పట్టుకుంటుండో చూసినవా? వరండాల గంట రాసెటాలకు వేళ్ళు నొస్తున్నయని ఏడ్చిండు. నేనే చెప్పలే నీకు, నువ్వు మాన్పిస్తవని. తప్పు నాది. తబితా కాడ ముందు ఆ వేళ్ళకు సత్తువ రానీ."

"మరి ఏబీసీడీలు?"

"వస్తయి. కారేపల్లి పిలగాడు ఎన్ని రాస్తుండో నాకెందుకు, నీ కొడుకు నవ్వుకుంట బడికి పోతుండా లేదా, అది చూడు. నా మాట మీద ఇన్నొద్దులు తోలినవ్ గద, నా మాట మీదనే ఆడికి తోలు."

ద్వాలి సగం మనసుతోనే ఒప్పుకుంది. ఇంకో ఇద్దరు తల్లులు ఒప్పుకోలేదు. ఆ పిల్లలు ఆ నెలలోనే ప్రైవేటు బడి బస్సెక్కారు. చేసిన పని అంతా తిరిగి సరికాదని విశ్రాంతమ్మకు ఆ బస్సును చూసినప్పుడల్లా తెలుస్తూనే ఉండేది.

తబితా ఫోన్ చేసి బతిమాలగా, నాగలత మేడం ఇంకొకసారి వస్తానంది. ఆ రోజు విశ్రాంతమ్మ సెంటర్‌కు వెళ్ళలేదు. తబితా రమ్మంది. జమ్లి వచ్చి చెయ్యి పట్టి లాగింది. "వద్దు, ఇయ్యాల ఆ సెంటర్ తబితాది" అని, లూకా వెంట మిరపచేనుకు పోయి కలుపు తీసింది. చేను నుంచి ఊరు కనబడదు. అయినా తల ఎత్తి ఎత్తి అటే చూసింది.

"ఇంక మంట చల్లారలేదా?" అన్నాడు లూకా.

"చల్లారుతదా అంత జల్దీ? కొంచెమున్నది" అంది విశ్రాంతమ్మ. లూకా పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

సాయంత్రం తబితా ముఖం చూడగానే సంగతి తెలిసింది. పిల్లలు గంటకు పైగా ఆడారట. చిన్న కోటేష్ తన భాషలోనే కథ చెప్పాడట. మేడం రెండు తప్పులు కూడా ఎత్తిచూపిందట, తబితా చెప్పే మాటలు ఎక్కువయ్యాయని, పిల్లల్ని ఇంకా మాట్లాడనివ్వాలని. ఆ తప్పుల్ని కూడా సంతోషంగా చెప్తున్న కోడలిని విశ్రాంతమ్మ చూస్తూ కూర్చుంది. తప్పు చెప్పడానికి కూడా ఒక మనిషి ఉండటం ఎంత అదృష్టమో ఆమెకే తెలుసు.

"తబితా" అంది కాసేపటికి, చేటలో కందులు ఊరికే కెలుకుతూ. "ఆ క్లాసుకు బయటోళ్ళను రానిస్తరా?"

"ఎవర్నండి?"

"ఎవలనో కాదు. నేనే. ఒక్కసారి. వెనక యాడనో కూసుంట. మాట్లాడ."

తర్వాతి ఆదివారం పొద్దుటి ఆరాధన కాగానే అత్తాకోడళ్ళు హెప్సిబాను మధ్యలో కూర్చోబెట్టుకుని ఖమ్మం బస్సెక్కారు. విశ్రాంతమ్మకు తెల్ల చీర, నూనె రాసి దువ్విన జడ, చేతిలో నీళ్ళ సీసా. ఎప్పుడూ ఊరిని ఉరికించే మనిషి దారంతా ఆ సీసా మూత తిప్పుతూనే ఉంది.

క్లాసు గది నిండా తబితా ఈడు ఆడపిల్లలు ఉన్నారు. విశ్రాంతమ్మ చివరి బల్ల మీద, గోడకు ఆనుకుని, మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని ఒదిగి కూర్చుంది. నాగలత మేడం లోపలికి వచ్చి కళ్ళజోడు సవరించుకుని చివరి దాకా చూసింది.

"అమ్మా, మీరెవరు?"

తబితా లేచి చెప్పబోయింది. అంతకుముందే విశ్రాంతమ్మ లేచి నిలబడింది. ముప్పై ఏళ్ళు పిల్లల్ని నిలబెట్టిన మనిషి, బడిలో పిల్లలు నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడింది. ఏదో చెప్పాలని నోరు తెరిచింది. కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి.

"నేర్చుకుందామని వచ్చిన మేడం" అంది.

గదిలో ఎవరూ నవ్వలేదు. మేడం తన బల్ల మీది తెల్ల కాగితాలు కొన్ని, ఒక పెన్ను తీసుకుని తానే చివరి దాకా నడిచి వచ్చి ఆమె ముందు పెట్టింది. "కూర్చోండమ్మా" అంది.

విశ్రాంతమ్మ కూర్చుంది. ముందు బల్ల నుంచి తబితా తన పుస్తకం తీసుకుని లేచి వచ్చి, అత్తగారి పక్కన జరిగి కూర్చుని, పుస్తకాన్ని ఇద్దరి మధ్య తెరిచి పెట్టింది.